మబ్బు చూసి కత్తెర

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. ఆలేరులో మా ఇరుగుపొరుగు వాళ్లెవరూ ఆ మాట కాదనలేదు. టీచర్ ఉద్యోగం వస్తే తగ్గుతుందిలే అని అందరూ అనుకున్నారు. తగ్గలేదు. అయితే ఒక్కసారి మాత్రం ఆ కోపం నాకు మేలు చేసింది. మబ్బుల పాఠం నాటి సంగతి అది.

అప్పుడు నేను పనిచేసే ఊరు జడ్చర్ల నుంచి అమ్రాబాద్ దిక్కుగా పోతుంటే వస్తుంది. బస్సులో గంట, దిగాక ఆటోలో పది నిమిషాలు. కొత్త జిల్లాలు పుట్టిన కాలం కాబట్టి మా మండలం ఏ జిల్లాలోకి పోయిందని పిల్లలు అడిగితే నేనూ ఒక్క క్షణం ఆలోచించుకుని చెప్పేదాన్ని. ఊళ్లో సగం ఇళ్లు గొర్రెలు కాసుకునే వాళ్లవి, మిగతావి పత్తి చేన్ల వాళ్లవి. బడికి రెండు గదులు, ఒక వరండా, మేమిద్దరం టీచర్లం. పెద్ద టీచర్ ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, దేనికీ కంగారుపడేది కాదు.

నాలుగో తరగతికి మబ్బుల పాఠం చెప్పాలని నేను చాలా తయారయ్యాను. జడ్చర్లలో నీలం రంగు అట్ట కొన్నాను. కిరాయి గదిలో కూర్చుని దాని మీద దూది అంటించి నాలుగు రకాల మబ్బులు చేశాను. బస్సులో అది నలగకుండా ఒళ్లో పెట్టుకుని, పక్కన కూర్చున్న వాళ్లను మోచేత్తో నెడుతూ తీసుకొచ్చాను. తరగతి గోడకు తగిలించి, ఇదేంటో చెప్పండి అని అడిగాను. పిల్లలందరూ ఒక్క గొంతుతో పత్తి అన్నారు.

పత్తి కాదు, మబ్బు అన్నాను. ముందు వరుసలో ఒకడు లేచి దగ్గరికొచ్చి, వేలితో తాకి చూసి, ఇది రెండో ఏరుడు పత్తి టీచర్, మొదటి ఏరుడుది ఇంకా తెల్లగ ఉంటది అన్నాడు. ఇంకొకడికి దాని ధర ఎంతో కావాలి. పత్తి కాలంలో పొద్దున్నే చేనుకు పోయి ఏరి, తర్వాత బడికి వచ్చే పిల్లలు వాళ్లు. వాళ్లకు దూది చూపించి మబ్బు అనుకోమంటే ఎట్లా అనుకుంటారు? ఈ మాట ఇప్పుడు తోస్తున్నది గాని అప్పుడు తోచలేదు. డస్టర్‌తో బల్ల మీద ఒకటి వేశాను. అందరూ గప్‌చిప్ అయ్యారు. వెనక వరుసలో నుంచి ఒక ఆడపిల్ల మాత్రం నిదానంగా లేచింది.

"టీచర్, మబ్బు బయట్నే ఉన్నది గద."

ఆ పిల్ల వెక్కిరించడానికి అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అయితే బయటికే పోయి చూడండి, గంట కొట్టేదాకా లోపలికి రావద్దు అని అరిచాను. శిక్ష వేశాననుకున్నాను. వాళ్లు జాతరకు పోయినట్టు పోయారు. పది నిమిషాల తర్వాత చప్పుడు వినబడకపోతే భయమేసి వెళ్లి చూశాను. ఇరవై మందీ జెండా కర్ర చుట్టూ నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. కర్ర కొసను గురుతు పెట్టుకుని, మబ్బు దాన్ని ఏ పక్క నుంచి దాటి ఏ పక్కకు పోతున్నదో చూస్తున్నారు. వాళ్లకు ఆ ఉపాయం చెప్పింది వెనక వరుస పిల్లే. అడవిలో చెట్టు కొమ్మ ఆసరాతో వాళ్ల ఇంట్లో అట్లాగే చూస్తారట.

నా పాఠాలన్నిటిలోకీ మంచి పాఠం నా ప్రమేయం లేకుండా మొదలైందన్నమాట.

మర్నాటి నుంచి రోజూ ప్రార్థన కాగానే ఒక పావుగంట ఆకాశానికి ఇచ్చాం. మూత తీసేసిన ప్లాస్టిక్ సీసా మీద గీతలు పెట్టి వాన కొలిచేదాన్ని చేసుకున్నాం. పాత చీర అంచు చింపి జెండా కర్రకు కడితే గాలి ఎటు వీస్తున్నదో తెలిసేది. వారానికొక పిల్ల గానీ పిల్లవాడు గానీ నోటుబుక్కులో రాయాలి. నేను పెట్టిన నియమం ఒక్కటే. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. పుస్తకంలోని మబ్బుల పేర్లు వాళ్ల నోటికి తిరగలేదు, నా నోటికీ అంతంత మాత్రమే. వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. ఎత్తున పల్చగా సాగి ఉండేది ఏకిన దూది. చిన్న చిన్న ముద్దలుగా గుంపు కట్టి పోయేది మంద మబ్బు. ఆకాశమంతా నల్లగా కప్పేసేది గొంగడి మబ్బు. మా పిల్లల్లో సగం మంది గొంగడి కింద పడుకుని పెరిగినవాళ్లు, దాని నలుపు సంగతి వాళ్లకు బాగా తెలుసు.

పెద్ద టీచర్ వరండాలో నుంచి చూసి నవ్వింది. లెక్కలు, తెలుగు వదిలేసి వీళ్లను రోజూ నేల మీద పడుకోబెడితే, మబ్బులను చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్టవుతుంది చూసుకో అన్నది. ఒలకబోసుకోలేదు. ఆ నోటుబుక్కు పుణ్యమా అని రెండు వాక్యాలు రాయడం రాని పిల్లలు పేజీలు రాయడం మొదలుపెట్టారు. మబ్బు మా బర్రె లెక్క నిలవడ్డది, కొట్టినా కదుల్తలేదు అని రాసినవాడికి నేను పదికి పది వేశాను.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఊళ్లో ఆడవాళ్లు, పిల్లలు కలిసి కప్పతల్లి ఆడారు. రోకలికి వేపమండలతో పాటు కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు, ప్రతి గడపలోనూ దాని మీద బిందెడు నీళ్లు పోస్తారు, అట్లా చేస్తే వాన కురుస్తుందని. అట్లా తిరుగుతూ బడికి కూడా వచ్చారు. మా సీసా సంగతి పిల్లలు చెప్పగానే ఒక పెద్దామె, అది గూడ వాన కోసమే ఎదురుచూస్తున్నదా పాపం అని దాంట్లో ఒక చెంబు పోసింది. మర్నాడు నోటుబుక్కు తెరిచాను. ఆ వారం రాసే వంతు వెనక వరుస పిల్లది. ఇట్లా ఉంది: వాన లేదు. సీసాలో నాలుగు వేళ్ల నీళ్లు. కప్పతల్లి ఆడినోళ్లు పోసిండ్రు.

ఇంకెవరైనా అయితే నన్ను సంతోషపెట్టడానికి వాన పడ్డదని రాసేవాళ్లు. ఆ పేజీ నేను పెద్ద టీచర్‌కు చూపించాను, ఆటో అతనికి చూపించాను, ఫోన్లో మా అమ్మకు చదివి వినిపించాను.

ఆ పిల్ల రాతల్లో ఇంకో విశేషం ఉంది. మిగతా వాళ్లు బడి వేళలోనే చూసేవాళ్లు. తను తెల్లవారుజామునా, పొద్దుగూకేటప్పుడూ చూసింది కూడా రాసేది. ఎందుకని అడిగితే మా అవ్వ అడుగుతది అన్నది. ఒక శనివారం వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల అవ్వ, అంటే నాయినమ్మ, గొర్రెల దొడ్డి ముందు బండ మీద కూర్చుని ఉంది. ఊళ్లో మందలున్న వాళ్లంతా ఆమె మాట వింటారని అప్పటికే విన్నాను. మందను ఎప్పుడు ఏ దిక్కుకు తోలాలో, ఉన్ని కత్తిరించే రోజు ఎప్పుడు పెట్టుకోవాలో ఆమెనే అడిగేవాళ్లు. నేను కూర్చున్న కాసేపట్లోనే ఆమె మనుమరాలిని పది ప్రశ్నలు వేసింది. అంచు పదునుగున్నదా, చెదిరిందా? కింది మబ్బు ఎటు పోతున్నది, పైది ఎటు పోతున్నది? పిట్టలు ఎంత ఎత్తుకున్నయి? పిల్ల గబగబా జవాబులు చెప్పింది. నాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ అంత బాగా ప్రశ్నలు వేయడం నేర్పలేదు. వీళ్లకు మబ్బులు నేర్పడానికి దూది అట్టతో వచ్చానే, తాతకు దగ్గులు నేర్పినట్టు, అనుకుని లోపల లోపలే సిగ్గుపడ్డాను.

తిరిగి వస్తుంటే పిల్ల ఆటో దాకా తోడు వచ్చింది. దారిలో ఒక మాట చెప్పి, ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అవ్వకు కళ్లలో పొర వచ్చింది. రెండేళ్లుగా మబ్బులు కనబడటం లేదు. మనిషి దగ్గరికొస్తే నీడలా ఆనుతుంది, అంతే. ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే బాపు, అంటే వాళ్ల నాయిన, ఇక ఆమెను ఏమీ అడగడు. అడగకపోతే అవ్వ ఊరికే మూలకు కూర్చునే ముసలిది అవుతుంది. అందుకని పిల్ల చూస్తుంది, అవ్వ తేల్చుతుంది. దవాఖానకు తీసుకుపోవచ్చు కదా అన్నాను. పోతే అందరికీ ఎరుకైతది అన్నది. నేను ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆ మాట తప్పలేదు. కాని ఆ సంగతి తెలిసినందువల్లే తర్వాత నేను చేయరాని పని చేశాను.

దీపావళి దాటాక ఉన్ని కత్తిరించే రోజులు వచ్చాయి. గొర్రెలు కాసేవాళ్లకు అది పండుగతో సమానం. కూలికి ఎవరినీ పిలవరు. ఈ రోజు మీ మందకు మేము, ఎల్లుండి మా మందకు మీరు అని పది ఇళ్ల వాళ్లు ఎవరి కత్తెర వాళ్లు తెచ్చుకుని వస్తారు. మంద గలవాడు మాంసం వండించి, కల్లు తెప్పించి కడుపు నిండా పెట్టాలి. అందుకే ఒకసారి పెట్టుకున్న రోజును మార్చుకోవడం కష్టం. పది మంది పనులు మానుకుని ఉంటారు. ఇందులో భయం కూడా ఒకటుంది. ఉన్ని తీసిన గొర్రెకు ఒంటి మీద ఏ ఆసరా ఉండదు. అదే రోజు చలిగాలితో వాన కొట్టిందా, నిలబడ్డ చోటే బిగుసుకుపోయి చస్తుంది. ఆ పిల్ల వాళ్లకు అరవై గొర్రెలు. ఆ ఇంటికి తిండి, బట్ట, పెండ్లి, మందు మాకు అన్నీ ఆ అరవయ్యే.

వాళ్ల కత్తెర రోజు ఆదివారం అనుకున్నారు. నన్ను కూడా భోజనానికి పిలిచారు. శనివారం మధ్యాహ్నం పిల్ల వాళ్ల నాయిన బడికి వచ్చాడు. ఎప్పుడూ బడి గేటు దాటని మనిషి వరండా మెట్టు మీద నిలబడి తువ్వాలు నలుపుతున్నాడు. పొద్దున్నుంచి అవ్వ ఒకటే పట్టు, మూడొద్దులు ఆగుండ్రి అంటున్నదట. ఆకాశం చూస్తే ఎండ కాస్తున్నది. పది కత్తెర్లకు మాట ఇచ్చాడు, కల్లు చెప్పాడు, కోయడానికి వేటపోతును కూడా బేరం చేశాడు. ఇప్పుడు ఆగితే పది మందిలో నగుబాటు.

"మీ ఫోన్ల ఏముందో జర సూసి చెప్పు టీచర్. నువ్వు ఏదంటె అదే."

నువ్వు ఏదంటే అదే అనే మాట వింటే ఎవరికైనా మెడ కొంచెం నిటారుగా అవుతుంది. నాదీ అయింది. ఫోన్ తీశాను. సూర్యుడి బొమ్మ, పక్కన చిన్న మబ్బు తునక. వాన లేదు.

ఆ వారం మళ్లీ ఆ పిల్ల వంతు, నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ఆ పొద్దు తను రాసింది నేను అప్పటికే చదివాను. చదవడమే కాదు, కింద ఎర్ర సిరాతో చాలా బాగుంది అని రాశాను కూడా. సూర్యుని చుట్టూ పెద్ద గుడి కట్టింది అని రాసింది. వెలుగు వలయాన్ని మా దగ్గర గుడి అంటారు. సూర్యుణ్ణి నీళ్ల ట్యాంకు వెనక దాచుకుని చూడాలని నేను నేర్పినట్టే చూసింది. పైన ఏకిన దూది జడ్చర్ల దిక్కు నుంచి అమ్రాబాద్ దిక్కుకు పోతున్నది, కింద చిన్న మబ్బులు అమ్రాబాద్ దిక్కు నుంచి జడ్చర్ల దిక్కుకు వస్తున్నయి అని రాసింది. చీర అంచు నిన్నటి దాకా ఉత్తరపు గాలికి ఊగింది, ఇయ్యాల తూర్పు గాలికి తిరిగింది అని రాసింది. రెండు అంతస్తుల్లో మబ్బులు ఎదురెదురుగా నడిస్తే ఏదో మారుతున్నదని ఆ పాఠం చెప్పిన నాకు తెలియదా? తెలుసు.

కాని నా బుద్ధి ఇంకో దారిన పోయింది. ఈ మూడొద్దుల మాట అవ్వది కాదు, అవ్వకు ఆకాశమే కనబడదు అనుకున్నాను. ఇది పదేళ్ల పిల్ల చెప్పిన మాట. పదేళ్ల పిల్ల మాట మీద పది కత్తెర్లను ఆపమంటామా? ఫోన్‌ను సంచిలో పెట్టుకున్నంత తేలిగ్గా చెప్పేశాను, వాన లేదు, పెట్టుకోండి అని. పెద్దవాళ్లకు వయసైన కొద్దీ భయం ఎక్కువవుతుందని కూడా కలిపాను. ఆయన ముఖం విప్పారింది. పిల్ల నా వైపు చూసింది. నేను దాని తల నిమిరి లోపలికి పొమ్మన్నాను.

ఆదివారం పదకొండింటికి నేను చేరేసరికి బడి పక్క బండ మీద కత్తెర్లు కిచకిచలాడుతున్నాయి. నలుగురు కాళ్లు పట్టుకుంటే ఇద్దరు కత్తిరిస్తున్నారు. నల్ల ఉన్ని కుప్పలు కుప్పలుగా పడుతున్నది. కత్తిరించిన గొర్రె లేచి తనను తానే పోల్చుకోలేక అటూ ఇటూ చూస్తుంటే పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. మొదటి ఉన్ని వాళ్ల కులదేవుడు బీరప్ప గుడికి తీసి పెట్టారు. నాకు కూడా ఒక కత్తెర ఇచ్చారు. నేను కత్తిరించిన గొర్రెను చూసి ఒక ముసలాయన, దీన్ని మీ బడిల చేర్పిచ్చుకోండి టీచర్, మందల కలవదు అన్నాడు. అవ్వ మాత్రం దొడ్డి దగ్గర నుంచి కదల్లేదు. భోజనానికి కూడా రాలేదు.

రెండు గంటలకు యాభై గొర్రెలు అయ్యాయి. నేను మూడో ముక్క మాంసం నోట్లో పెట్టుకున్నప్పుడు గాలి మారింది. ముందు ఉన్ని పోగులు లేచాయి. తర్వాత విస్తరాకులు లేచాయి. అమ్రాబాద్ దిక్కున ఆకాశం అంచు మీది నుంచి గొంగడి మబ్బు లాక్కొస్తున్నారా అన్నట్టు వచ్చింది. గాలి చల్లగా చెవులు కోసింది. ఇంకో పది నిమిషాలకు చినుకులు, ఆ వెంటనే వాన.

గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి వణకడం మొదలుపెట్టాయి. వాళ్ల దొడ్డికి ముళ్ల కంచె తప్ప కప్పు లేదు. మగవాళ్లు గొంగళ్లు విసిరి కప్పుతున్నారు, అవి ఎన్నని చాలుతాయి? పిల్ల వాళ్ల నాయిన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను విస్తరి ముందు నిలబడిపోయాను, ఎంగిలి చెయ్యి కడుక్కోవాలని కూడా తోచలేదు. ఆ పిల్ల వానలో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"టీచర్, బడి తాళం."

నా సంచిలోనే ఉంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. తాళం తీసి రెండు తలుపులూ బార్లా తెరిచాను. పిల్లలు బెంచీలు గోడకు జరిపారు. ఒక గొర్రెను లోపలికి ఈడిస్తే మిగతావి దాని వెంట వాటంతటవే వచ్చాయి. నాలుగో తరగతిలో ముప్పై, ఐదో తరగతిలో ముప్పై. నా తరగతికి ఎన్నడూ అంత హాజరు లేదు. ఊళ్లో పిల్లలంతా గోనె సంచులు, పాత ధోతులు, అమ్మల కొంగులు, దొరికిందల్లా తెచ్చి ఒక్కొక్క గొర్రెను పట్టుకుని తుడిచారు. వరండాలో పత్తి కట్టె మంట వేశారు. పొగకు కళ్లు మండుతున్నాయి, గొర్రెలు తుమ్ముతున్నాయి, ఒకటి నా కుర్చీలోకి ఎక్కి దిగనన్నది. ఒకటి రెండో ఎక్కం చార్టు నమిలింది. అంత భయంలోనూ పిల్లలు నవ్వారు. వాళ్ల నవ్వు వినబడ్డాకే పెద్దవాళ్లకు చేతులు ఆడాయి.

రెండు ముసలి గొర్రెలు చనిపోయాయి. యాభై ఎనిమిది బతికాయి. అందరూ బతికినవాటిని చూసి దండం పెట్టుకుంటున్నారు. నేను వరండా చివర కూర్చుని ఏడ్చాను. పిల్ల వాళ్ల నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండనిపించింది. ఆఖరి బస్సు పోయింది. ఆ రాత్రి పెద్ద టీచర్ వాళ్లింట్లో పడుకున్నాను. జడ్చర్లలో ఉన్న మా ఇంటామెకు ఫోన్ చేస్తే అక్కడ నాలుగు తుంపర్లు పడ్డాయంతే అన్నది. ఫోన్ అబద్ధం చెప్పలేదు. దాంట్లో నేను పెట్టుకున్న ఊరు జడ్చర్ల, అది జడ్చర్ల సంగతే చెప్పింది.

పొద్దున్నే అవ్వ దగ్గరికి వెళ్లాను. తప్పయిందని చెప్పడానికి చాలా మాటలు కూర్చుకున్నాను. ఆమె నా అడుగుల చప్పుడు విని పోల్చుకుంది. పక్కన కూర్చోమని బండ తుడిచింది. ఫోన్ గురించి, జడ్చర్ల తుంపర్ల గురించి నేను చెప్పినదంతా విన్నది.

"నాకు కనబడదని నీకెరుకే, నీకు చెప్పినట్టు పిల్ల నాతోని అన్నది. సూసింది పిల్ల అని గూడ నీకెరుకే. అందుకే గద బిడ్డా నువ్వు నమ్మలే" అన్నది. కోపం లేదు ఆ గొంతులో. ఇంకో మాట కూడా అన్నది. "సూసుడు నేర్పినవు. మంచిగనే నేర్పినవు. సూసినదాన్ని నమ్ముడు నేర్పలే."

తల వంచుకుని కూర్చున్నాను. కొడుకు దొడ్డిలో నుంచి అంతా వింటూనే ఉన్నాడు. బయటికొచ్చి తల్లి కళ్లలోకి వంగి చూశాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ఆమె చెప్పింది. దాచినందుకు అతను కోప్పడలేదు, నాకు ఒక్క మాట చెప్తే దవాఖానకు తోలుకపోకపోదునా అని మాత్రం అన్నాడు.

ఆ సోమవారం తరగతిలో ఇంకా గొర్రెల వాసన ఉంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను, నేను చూడకుండా చెప్పాను, తప్పు నాది అని. రెండో ఏరుడు పత్తి పిల్లవాడు లేచి, మేం తప్పు చేస్తే పదిసార్లు రాయమంటవు గద టీచర్ అన్నాడు. న్యాయమైన మాట. పదిసార్లు రాశాను. నాలుగోసారికే చెయ్యి నొప్పి పుట్టింది. వాళ్లందరూ వేళ్లు మడిచి లెక్కపెట్టారు. వెనక వరుస పిల్ల మాత్రం ఐదోసారికే చాలు టీచర్ అన్నది. నేను వినలేదు, పదీ రాశాను.

సంక్రాంతి సెలవుల తర్వాత అవ్వకు మహబూబ్‌నగర్ దవాఖానలో ఒక కంటికి ఆపరేషన్ చేశారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. అవి తీశాక మొదట మనుమరాలిని చూసి ఇంత బక్కగైనవేందే అన్నది. నన్ను చూసి, గొంతును బట్టి బక్కపలచటి మనిషివనుకున్న అని నిరాశపడింది. ఆకాశాన్ని కూడా చాలాసేపు చూసింది. అయినా మనుమరాలిని అడగడం మానలేదు. నీకు కనబడుతున్నది కదా అవ్వా అంటే, నాకు కనబడేది నాకు ఎరుకే, నీకేం కనబడ్డదో చెప్పు అనేది.

వేసవి గడిచింది. బడి తెరిచిన వారంలోనే మళ్లీ కత్తెర రోజులు వచ్చాయి. మృగశిర కార్తె, వానలు ఇవాళా రేపా అన్నట్టున్నాయి. ఐదో తరగతిలో నేను భాగహారాలు చెప్తుంటే గుమ్మం దగ్గర పిల్ల వాళ్ల నాయిన కనబడ్డాడు. భుజం మీద గొంగడి, చేతిలో కత్తెర. పది కత్తెర్లకూ చెప్పేశానని, తెల్లారితే పని మొదలుపెట్టాలని అన్నాడు. నాతో అంటున్నాడనుకుని నేను సుద్దముక్క కింద పెట్టాను. చెయ్యి అలవాటుగా సంచి వైపు పోయింది. ఆయన నన్ను చూడలేదు. నన్ను దాటి వెనక వరుస వైపు చూస్తున్నాడు.

"ఏమంటవు బిడ్డా, రేపు కత్తెర పెట్టొచ్చా?"

పిల్ల లేచి వరండాలోకి పోయింది. తరగతి అంతా గుమ్మం వైపు తిరిగింది. నేను కూడా. ఆకాశంలో సగం మబ్బు, సగం ఎండ. నన్నడిగితే నేను ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. ఒక పెద్దమనిషి పనులు మానుకుని వచ్చి అడిగినప్పుడు తెలియదనడానికి నాకు ఈనాటికీ నోరు రాదు. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసింది. తొందరపడలేదు.

"ఇప్పుడు చెప్పరాదు బాపూ. కింది మబ్బు ఇంక ఎటూ కదుల్తలేదు. మాపటికి సూసి చెప్త" అన్నది. వచ్చి తన జాగాలో కూర్చుని, ఆపిన భాగహారం మళ్లీ మొదలుపెట్టింది.

ఆయన ఇంకేమైనా అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. కత్తెరను తువ్వాలులో చుట్టుకుని మెట్లు దిగాడు. గేటు దాటి, మొదటి ఇంటి ముందు ఆగి, లోపలి వాళ్లకు చెప్తుంటే మా తరగతి గదిలోకి వినబడింది.

"మా బిడ్డ ఇంక సూస్తాంది. జర ఆగుండ్రి."

ఆ తర్వాత రెండో ఇంటి ముందు కూడా అదే మాట చెప్పాడు, మూడో ఇంటి ముందు కూడా.